అటువైపు పట్టాలు పడలేదు: ఒక సరిహద్దు కారిడార్ కేసు

సరిహద్దులు దాటే రవాణా కారిడార్లకు, అంటే రోడ్లు, రైళ్లు, డ్రై పోర్టులకు (తీరానికి దూరంగా దేశం లోపల కంటైనర్లు దించి, కస్టమ్స్ పని ముగించే కేంద్రాలు) ప్రభుత్వాలు తెచ్చుకునే అప్పుల ఒప్పందాలు చదివి, చిక్కు ఎక్కడుందో చెప్పడం నా వృత్తి. ఈ కేసులో ఒక దశలో నేనిచ్చిన సలహానే చిక్కయింది. రాయడానికి ముఖ్య కారణం అదే.

దేశాల పేర్లు, ఖండం, ఖనిజం పేరు, అప్పు మొత్తం చెప్పను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు కొన్ని మార్చాను. సముద్రం లేని దేశాన్ని ‘లోపలి దేశం’ అనీ, దానికి దారిచ్చే పొరుగును ‘రేవు దేశం’ అనీ పిలుస్తాను. అప్పిచ్చిన పెద్ద దేశం ఏదో ఊహించే పని పెట్టుకోవద్దు. ఇక్కడ కనిపించే షరతులు ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. పోలిక కోసం చెప్పే ప్రాజెక్టులు మాత్రం అందరికీ తెలిసినవే, వాటిని పేర్లతోనే చెబుతాను.

నేపథ్యం

ఐక్యరాజ్యసమితి లెక్కలో సముద్రతీరం లేని వర్ధమాన దేశాలు 32. వీటికి సముద్రం చేరే హక్కు ఉందని 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం 125వ అధికరణం చెబుతుంది. అదే అధికరణం ఆ హక్కును ఏ షరతులతో, ఏ పద్ధతిలో వాడుకోవాలో దారిచ్చే దేశంతో ఒప్పందం చేసుకుని తేల్చుకోమంటుంది. అంటే హక్కు కాగితం మీద ఉంటుంది, గేటు పొరుగువాడి చేతిలో ఉంటుంది. 2015 సెప్టెంబరు నుంచి దాదాపు ఐదు నెలలు నేపాల్‌కు దక్షిణపు సరిహద్దు నుంచి సరకు సరిగా చేరనప్పుడు ఆ హక్కు ఇంధన ట్యాంకర్లను కదిలించలేకపోయింది. మా బృందంలోని న్యాయవాదికి ఈ ఉదాహరణ నచ్చేది కాదు. కేసు సాగేకొద్దీ ఆయనే దాన్ని ఎక్కువగా ఎత్తడం మొదలుపెట్టారు.

లోపలి దేశం ఎగుమతి చేసేది ముఖ్యంగా ఒక ఖనిజం. బయటి నుంచి తెచ్చుకునేవి ఇంధనం, ధాన్యం, యంత్రాలు. రెండింటికీ దారి ఒక్కటే, రేవు దేశపు హైవే. పాత ఇరుకు గేజ్ రైలుంది గానీ దాని మీద బండ్లు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో ఎవరూ చెప్పలేరు. ఈ పరిస్థితిలో ఒక పెద్ద దేశపు ప్రభుత్వ బ్యాంకు ముందుకొచ్చింది. రేవు నుంచి లోపలి దేశపు రాజధాని దాకా 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ కొత్త లైను, రాజధాని పక్కన డ్రై పోర్టు. రెండు దేశాలూ అవగాహన పత్రం మీద సంతకాలు చేశాయి. తమ తమ భాగానికి ఎవరి అప్పు వాళ్లు విడివిడిగా తీసుకోవాలన్నది ఏర్పాటు.

నన్ను పిలిచేటప్పటికి మూడో ఏడు నడుస్తోంది. లోపలి దేశం రాజధాని వైపు నుంచి సరిహద్దు వైపుగా కట్ట వేసుకుంటూ వెళుతోంది. డ్రై పోర్టు గోదాములకు పైకప్పులు పడ్డాయి, పేరు కూడా పెట్టేశారు. రేవు దేశం మాత్రం తన అప్పు ఒప్పందం మీద ఇంకా సంతకమే చేయలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం.

వచ్చిన ప్రశ్న

ఆర్థిక శాఖ నన్ను అడిగింది చిన్న ప్రశ్న: తర్వాతి విడత డబ్బు డ్రా చేయాలా, ఆపాలా?

డ్రా చేస్తే వడ్డీ మొదలవుతుంది. చేయకపోతే వాడుకోని మొత్తం మీద కమిట్‌మెంట్ ఫీజు పడుతుంది, ఖాళీగా కూర్చున్న కాంట్రాక్టరు క్లెయిములు పంపుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయితే మొదటి సమావేశంలో మంత్రి అడిగింది ఇది కాదు. “మనకూ హంబన్‌తోట గతి పడుతుందా? అప్పు కట్టలేకపోతే రైలు వాళ్లదైపోతుందా?” అన్నారు.

అప్పటి నుంచి నేను ఎక్కడికెళ్లినా ఈ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాను, కనుక కాస్త ఆగి చెబుతాను. 2017లో శ్రీలంక తన హంబన్‌తోట రేవును 99 ఏళ్ల లీజుకిచ్చి 112 కోట్ల డాలర్లు తెచ్చుకున్న మాట నిజం. అయితే రేవు కట్టడానికి తెచ్చిన అప్పు ఆ లీజుతో రద్దు కాలేదు. అది ప్రభుత్వం నెత్తిమీదే ఉండిపోయింది. వచ్చిన డబ్బు అప్పట్లో అడుగంటుతున్న విదేశీ మారక నిల్వలకు ఊతంగా వెళ్లింది. అప్పుకు బదులు ఆస్తి రాయించుకున్నారన్న కథ ఎంత ప్రచారం పొందిందంటే, మంత్రులు ఒప్పందంలో ‘స్వాధీనం’ అన్న మాట కోసమే వెతుకుతారు. అది కనిపించకపోతే ఊపిరి పీల్చుకుంటారు. అసలు ముల్లు వేరే పేజీలో ఉంటుంది.

ఈ ఒప్పందంలో ఆ ముల్లు ఎస్క్రో ఖాతా క్లాజు. ఖనిజం ఎగుమతి చేసే ప్రభుత్వ సంస్థకు వచ్చే డాలర్లలో ఒక భాగం విదేశంలోని ఖాతాలోకి ముందుగా చేరాలి. రాబోయే వాయిదాలకు సరిపడా నిల్వ ఎప్పుడూ అందులో ఉండాలి. అంటే అప్పు తీర్చేది రైలు సంపాదన కాదు, ఈరోజు లారీల్లో వెళ్లి అమ్ముడవుతున్న ఖనిజం. దీనికి తోడు క్రాస్ డిఫాల్ట్ ఉంది: ఈ అప్పు తప్పితే మిగతా అప్పులూ తప్పినట్టే లెక్క. సార్వభౌమ రక్షణ (ప్రభుత్వాన్ని పరాయి కోర్టుకు ఈడ్చకుండా కాపాడే హక్కు) వదులుకున్నట్టు ఒక క్లాజు, ఒప్పందం బయటపెట్టకూడదని ఇంకో క్లాజు. చైనా ప్రభుత్వ సంస్థలు 24 దేశాలతో చేసుకున్న 100 ఒప్పందాలను పరిశీలించి 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. సరకుల వ్యాపార కంపెనీలు ఇచ్చే ముందస్తు అప్పుల్లోనూ ఇదే తరహా కట్టుబాట్లు నేను చూశాను.

ఈ క్లాజును రెండోసారి చదువుతున్నప్పుడు ఒక సంగతి తట్టింది. రేవు దేశం తన భాగం కట్టకపోతే అప్పిచ్చినవాడికి పోయేదేమీ లేదు. కాంట్రాక్టరుకు కొన్నాళ్ల చిరాకు. రేవు దేశం ఖర్చు పెట్టిందే లేదు. నలుగురు కూర్చున్న బల్ల మీద రోజూ నష్టపోతున్నది మా క్లయింటు ఒక్కరే. అటువైపు పని మొదలైతేనే ఇటువైపు విడత విడుదల కావాలని ముందస్తు షరతు రాసుంటే కథ వేరుగా ఉండేది. ఎందుకు రాయలేదని అడిగితే, అప్పట్లో తొందర ఎక్కువగా ఉందన్నారు. అంతకన్నా ఎవరూ చెప్పలేదు.

నా మొదటి సలహా పిరికిదే. పూర్తిగా ఆపితే క్రాస్ డిఫాల్ట్ దాకా వెళ్లే దారి తెరుచుకుంటుంది. అందుకని మొదలైన వంతెనలు, కట్ట కోసుకుపోకుండా చేసే పనుల వరకే డబ్బు డ్రా చేద్దాం, మిగతావి నెమ్మదింపజేద్దాం, ఆరు నెలలు సమయం కొనుక్కుందాం అన్నాను. ఆ ఆరు నెలల్లో రేవు దేశాన్ని కదిలించాలి.

ఒప్పందంతో కట్టేద్దామనుకున్నాం

మా న్యాయవాది రెండు ప్రభుత్వాల మధ్య ఒక ఒప్పందపు ముసాయిదా రాశారు. ఫలానా తేదీకల్లా పని మొదలు, ఫలానా తేదీకల్లా పూర్తి, ఆలస్యమైతే పరిహారం. చదవడానికి చాలా బాగుంది. రేవు దేశపు రవాణా శాఖలో ఒక పెద్ద అధికారి మొత్తం ఓపిగ్గా చదివి, “మా పార్లమెంటు ఆలస్యం చేస్తే మీ రైలుకు మేం డబ్బు కట్టాలా?” అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఏ ప్రభుత్వమైనా తన చట్టసభ తరఫున పొరుగువాడికి జరిమానా రాసివ్వదు.

ఇది మాకు తెలియని సంగతేమీ కాదు. బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ 2015 జూన్‌లో మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకం చేశాయి. మరుసటి ఏడు భూటాన్ ఎగువ సభ దాన్ని తోసిపుచ్చింది. తమ చిన్న దేశపు రోడ్ల మీదికి బయటి లారీలు వెల్లువలా వస్తాయన్న భయం అక్కడ పనిచేసింది. కారిడార్‌కు ఆఖరి సంతకం మంత్రుల ఫొటోలో ఉండదు. తెలిసీ నాలుగు నెలలు ఆ ముసాయిదా మీద పోగొట్టాం.

పోటీ పెడదామన్నది నేను

ఇక్కడి నుంచి తప్పు నాది.

2013లో చైనా ఇతర దేశాల్లో రోడ్లు, రైళ్లు, రేవులు కట్టించే ‘బెల్ట్ అండ్ రోడ్’ పథకం ప్రకటించిన తర్వాత చాలా ఏళ్లు ఈ రంగంలో ఆ దేశానికి దీటైన పోటీ లేదు. తర్వాత వరస మొదలైంది. 2021 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ 30,000 కోట్ల యూరోల దాకా సమీకరిస్తామంటూ ‘గ్లోబల్ గేట్‌వే’ ప్రకటించింది. 2022 జూన్‌లో జీ7 దేశాలు 60,000 కోట్ల డాలర్ల లక్ష్యం చెప్పాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సమావేశాల్లో భారత్ నుంచి పశ్చిమాసియా మీదుగా యూరప్‌కు కారిడార్ ప్రకటన వచ్చింది. మధ్య ఆఫ్రికాలో ఒకే రాగి గనుల ప్రాంతం నుంచి పడమరగా అంగోలాలోని లొబీటో రేవుకు వెళ్లే సుమారు 1,300 కిలోమీటర్ల రైలుకు అమెరికా, యూరప్ దన్నుగా నిలిచాయి. తూర్పున టాంజానియా రేవుకు వెళ్లే 1,860 కిలోమీటర్ల టాజారా రైలును బాగుచేయడానికి చైనా ముందుకొచ్చింది. ఇలాంటి గాలి వీస్తున్నప్పుడు ఒక్క ఋణదాత దగ్గరే ఎందుకు కూర్చోవాలి అన్నది నా వాదన. రెండో కూటమి నుంచి ఒక ప్రతిపాదన తెప్పించండి, మొదటివాళ్లు దిగొస్తారు అన్నాను.

దిగొచ్చారు కూడా. రెండో కూటమి బృందం రాజధానిలో హోటల్లో దిగిన కొన్ని వారాలకే మొదటి బ్యాంకు వడ్డీ తగ్గిస్తామంది, అసలు వాయిదాలు మొదలయ్యే గడువు పెంచుతామంది. మంత్రి నన్ను పేరు పెట్టి మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉంది.

తర్వాత మూడు సంగతులు జరిగాయి. రెండో కూటమి తన డబ్బుతో పాటు షరతూ తెచ్చింది: సిగ్నలింగ్, కమ్యూనికేషన్ పరికరాలు మొదట అప్పిచ్చిన దేశపు కంపెనీలవి ఉండకూడదు. సగం కట్టిన లైనుకు ఆ షరతు ఎలా పెడతారని అడిగితే, ఇది మా చేతిలో లేదన్నారు. రెండో సంగతి, అప్పటిదాకా రవాణా పేజీలో వచ్చిన ప్రాజెక్టు వార్తలు మొదటి పేజీకి ఎక్కాయి. ఎవరి పక్షాన ఉన్నారని ప్రతిపక్షం అడగడం మొదలెట్టింది. రైలు కట్ట కాస్తా జెండా కర్ర అయింది.

ఈ రెంటినీ కొంతవరకు ఊహించాను. మూడోది ఊహించలేదు. రేవు దేశం మరింత నిదానించింది. ఇద్దరు పెద్దవాళ్లు పోటీ పడుతున్నారని మేమే చాటి చెప్పాం. తమ భాగానికి రేపు ఇంకా మంచి బేరం వస్తుందన్నప్పుడు ఈరోజు ఎవరు సంతకం చేస్తారు? లోపలి దేశం సంపాదించిన వడ్డీ తగ్గింపు రేవు దేశానికి ఎదురుచూస్తే లాభముంటుందన్న సంకేతమైంది. వాళ్ల అధికారులతో సమావేశాలు వాయిదా పడుతూ వచ్చాయి. ప్రతి వాయిదాకూ మర్యాదైన కారణమే ఉండేది. ఒక ఏడాది అలా పోయింది.

కెన్యా, ఉగాండాల కథ ఇలాంటి వాటికి మంచి హెచ్చరిక. మొంబాసా నుంచి నైరోబికి స్టాండర్డ్ గేజ్ రైలు 2017లో మొదలైంది, 2019కి నైవాషా దాకా వెళ్లి అక్కడ ఆగింది. సరిహద్దు ఇంకా చాలా దూరం. అవతల ఉగాండా తన భాగానికి చైనా డబ్బు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, 2023లో ఆ కాంట్రాక్టు వదిలేసి, 2024 అక్టోబరులో 272 కిలోమీటర్లకు టర్కీ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. అక్కడ ముందు కట్టింది రేవు వైపు. అది ఆగిన చోటైనా దేశంలోనే పెద్ద నగరాలను కలుపుతోంది. మాది తలకిందులు. ముందు కట్టింది లోపలి వైపు.

సరిహద్దు ఊళ్లో రెండు రాత్రులు

తర్వాతి మలుపు నా తెలివి వల్ల వచ్చిందని చెప్పుకోలేను. రేవు దేశపు రాజధానిలో సమావేశం మళ్లీ మూడు రోజులు వెనక్కి జరిగింది. హోటల్లో కూర్చోవడం ఇష్టం లేక, విమానం బదులు రోడ్డున వెళ్లాను. సరిహద్దుకు సాయంత్రం ఆరు దాటాక చేరాను. గేటు మూసేశారు.

లారీల వరస ఊరంతా పరుచుకుని ఉంది. అది నిజానికి వరస కోసం పుట్టిన ఊరు. లాడ్జీలు, టైర్లు బాగుచేసే షెడ్లు, పార్కింగ్ స్థలాలు, వంటశాలలు, ఫోన్ రీచార్జి బడ్డీలు. అన్నీ ఆగిన లారీ మీద బతుకుతున్నాయి. అక్కడి కస్టమ్స్ అధికారి ఒకాయన మాటల్లో అన్నారు: “మీ రైలు వస్తే ఈ ఊరికి రాత్రులుండవు.” మొదట నాకర్థం కాలేదు. రాత్రి ఆగేవాళ్లుంటేనే ఆ ఊరికి సంపాదన.

డ్రైవర్లతో మాట్లాడితే ఇంకో పొర విప్పుకుంది. లారీలు దాదాపు అన్నీ రేవు దేశపు యజమానులవి. లోపలి దేశపు నిబంధన ప్రకారం విదేశీ లారీ అక్కడ దించి వెనక్కి వచ్చేటప్పుడు సరకు ఎక్కించుకోకూడదు, ఆ హక్కు స్థానిక లారీలకే. స్థానిక లారీలేమో తక్కువ. కాబట్టి ఎక్కువ బండ్లు ఖాళీగా తిరిగొస్తాయి, ఆ ఖాళీ ప్రయాణపు ఖర్చు కూడా వెళ్లేటప్పటి కిరాయిలోనే కలుస్తుంది. రైలు వస్తే వాళ్లకు మిగిలిన ఆ ఒక్క వైపు సంపాదనా పోతుంది. లారీ యజమానుల సంఘంలో పెద్దలు ఆ జిల్లా వాళ్లు. ఆ జిల్లా ఎంపీల్లో ఒకరు రవాణా స్థాయీ సంఘంలో ఉన్నారు.

రెండేళ్లుగా మేం ఏ రాయబార కార్యాలయం ఎవరి చెవిలో ఏం ఊదుతోందో విశ్లేషిస్తున్నాం. రేవు దేశపు ప్రతి ఆలస్యం వెనకా ఒక పెద్ద రాజ్యం చెయ్యి వెతికాం. ఆ పోటీ ఉన్న మాట నిజమే, రేవు దేశానికి అది మంచి సాకు కూడా. కానీ వాళ్ల కాలికి అడ్డం పడుతున్నది ఈ ఊరు. మొంబాసాలో కంటైనర్లను రైలుకే మళ్లించాలన్న ఆదేశాల మీద 2019లో లారీలవాళ్లు, స్థానికులు వీధుల్లోకి వచ్చిన సంగతి మా నివేదిక అనుబంధంలో ఒక పేరాగా ఉంది. దాన్ని రాసింది నేనే. అది మా కేసుకూ వర్తిస్తుందని తట్టలేదు.

రెండో రోజు గడియారం పట్టుకుని కూర్చున్నాను. రేవు నుంచి బయల్దేరిన లారీ రాజధాని చేరేలోపు సగానికి పైగా కాలం కదలకుండా గడుపుతోంది. సరిహద్దుకు రెండు వైపులా రెండు తూకాలు, ఇరుసు బరువు పరిమితి అటొకటి ఇటొకటి. సుంకం ఎగవేయబోమని అటొక బాండు, ఇటొక బాండు. అవే పెట్టెలకు రెండు తనిఖీలు. సాయంత్రం ఆరుకు తాళం. రైలు వచ్చినా వీటిలో చాలా భాగం అలాగే ఉంటుంది, నిలబడేది లారీకి బదులు వ్యాగన్ అవుతుంది.

ఏం పనిచేసింది, ఎందుకు

మంత్రి దగ్గరికి తిరిగి వెళ్లి ఒక ప్రశ్న బల్ల మీద పెట్టాను: రేపు సరిహద్దు మూసేస్తే ఈ ప్రాజెక్టులో ఏ ముక్క బతుకుతుంది? దారి మధ్యలో ఉన్న గనుల నుంచి రాజధాని వరకున్న భాగం బతుకుతుంది. దేశంలోపలే సిమెంటు, ధాన్యం, ఇంధనం తిరుగుతాయి. గనుల నుంచి సరిహద్దు దాకా ఉన్న భాగం అటువైపు పట్టాలు పడితే తప్ప పాత ఇనుము కింద లెక్క. కనుక గనుల దగ్గర ఆపేద్దాం, మిగిలిన అప్పును రద్దు చేయమని అడుగుదాం అన్నాను.

బ్యాంకు ఒప్పుకుంటుందని నాకు పెద్ద నమ్మకం లేదు. ఒప్పుకుంది. ఎస్క్రో ఎలాగూ చేతిలో ఉంది కనుక డబ్బు గురించి వాళ్లకు దిగుల్లేదు. ఎక్కడికీ వెళ్లని లైను ఫొటోలు వస్తాయన్నదే వాళ్ల దిగులు. చైనా–లావోస్ రైలు 2021 డిసెంబరు 3న మొదలైనప్పుడు కున్మింగ్ నుంచి వియంటియాన్ దాకా 1,035 కిలోమీటర్లు ఒకేసారి తెరుచుకుంది. ఎందుకంటే రెండు వైపులా కట్టించిన చెయ్యి ఒకటే, ఆ చేతికి అది సొంత దారి. దక్షిణాన థాయ్‌లాండ్ మీటర్ గేజ్ వచ్చేసరికి అక్కడా కంటైనర్లు దించి వేరే బండికి ఎక్కించాల్సిందే. అప్పిచ్చిన దేశానికి ఆ లైను చివర తన ఊరు ఉందా లేదా అన్నది నేనిప్పుడు మొదట చూసే సంగతి. మా కేసులో లేదు.

రెండోది సరిహద్దు. జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండు దగ్గర 2009 డిసెంబరులో రెండు దేశాలకూ ఒకే చోట తనిఖీ జరిగే కేంద్రం (వన్ స్టాప్ బోర్డర్ పోస్ట్) మొదలైంది, ఆఫ్రికాలో అలాంటిది అదే మొదలు. రెండు దేశాల అధికారులూ ఒకే కప్పు కింద కూర్చుని ఒకేసారి చూస్తారు. రోజుల తరబడి ఆగే లారీల నిరీక్షణ బాగా తగ్గింది. అయితే మన అధికారి పొరుగు నేల మీద అధికారం చెలాయించాలంటే చట్టం కావాలి, చట్టమంటే మళ్లీ పార్లమెంటు. అందుకని ఇప్పుడున్న అధికారాలతోనే అయ్యేవి ముందు తీసుకున్నాం: గేటు వేళలు పెంచడం, ఒకరి తూకం చీటీని ఇంకొకరు అంగీకరించడం, తనిఖీ ఒకే రోజు ఒకే చోట కలిసి చేయడం. చట్టం సంగతి తర్వాత. 1975 నాటి టీఐఆర్ ఒప్పందంలో ఒకే హామీతో అనేక సరిహద్దులు దాటే పద్ధతి ఉంది. దాన్ని చూసి రెండు బాండ్లకు బదులు ఒక్క బాండు ఏర్పాటు చేశాం. బీమా కంపెనీలను ఒప్పించడానికి కస్టమ్స్‌ను ఒప్పించడం కన్నా ఎక్కువ కాలం పట్టింది.

సరిహద్దు పనికి కావలసిన డబ్బు చిన్నది. ప్రాంతీయ అభివృద్ధి బ్యాంకు ఒకటి ఇచ్చింది. రెండు దేశాలూ ఉమ్మడి ఋణగ్రహీతలు. ఒకరు విడత డ్రా చేయాలంటే అవతలివారి పని ఇంత అయిందన్న ధ్రువపత్రం ఉండాలి. రైలు అప్పులో లేని ముందస్తు షరతు ఇదే. ఈసారి పట్టుబట్టి రాయించాను.

మూడోది కష్టమైనది. రేవు దేశపు లారీలకు తిరుగు సరకు ఎక్కించుకునే హక్కివ్వాలి, డ్రై పోర్టులో వాళ్ల రేవు సంస్థకు చిన్న వాటా ఇవ్వాలి. మంత్రి మొహం మాడ్చుకున్నారు. “రెండేళ్లు మనల్ని ఏడిపించినవాళ్లకు మన ఇంట్లో వాటానా?” అన్నారు. నా వాదన ఇదీ: ఇప్పుడు ఈ దారి మూతపడితే వాళ్లకు ఏ నష్టమూ లేదు, అందుకే మన మాటకు బరువు లేదు. వాళ్లకూ పోయేదేదో మన దగ్గర ఉండాలి. ఆయన వారం తీసుకున్నారు. స్థానిక లారీల సంఘం సమ్మె బెదిరింపుతో వచ్చాక ఇంకో నెల పట్టింది.

మధ్యేమార్గంగా తిరుగు సరకులో వాళ్ల లారీలకు ఇంత భాగమని కోటా పెట్టాం. కోటాల చరిత్ర మంచిది కాదు. చాద్, కామెరూన్‌ల మధ్య సరకును 65–35గా పంచుకునే పద్ధతి ఎంతో కాలంగా ఉంది, కిరాయిలు దించనివ్వని కారణాల్లో దాన్నీ చెబుతారు. అది తెలిసే, మాకు దొరికిన ఒకే రాజీ అది కావడంతో గడువు తేదీతో రాశాం. ఆ తేదీ వచ్చేటప్పటికి ఎవరు ఎంత అరుస్తారో చూడాలి.

ఫలితం

సరిహద్దు దగ్గర నిలబడే సమయం బాగానే తగ్గింది. కిరాయి మాత్రం మేం లెక్కేసినంత తగ్గలేదు. ఆదా అయిన సమయపు లాభాన్ని మొదటి ఏడాది లారీ యజమానులే ఉంచుకున్నారు, దిగుమతిదారుకు చేరింది తర్వాతే. గనుల–రాజధాని రైలు తన రోజువారీ ఖర్చు తాను సంపాదిస్తోంది, అప్పు మాత్రం ఇప్పటికీ ఖనిజమే తీరుస్తోంది. డ్రై పోర్టు చాలా భాగం ఖాళీ. రైలు కోసం వేసిన అంచనాలతో కట్టింది కదా, లారీలకు అంత స్థలం అక్కర్లేదు. సరిహద్దు ఊరు నేను భయపడినంత చితికిపోలేదు. లాడ్జీలు కొన్ని మూతపడ్డాయి, గోదాములు కొన్ని లేచాయి.

ఇప్పుడు మారిన పద్ధతులు

ట్రాఫిక్ అంచనా తెరిచే ముందు ఇప్పుడు నేను ఒక కాగితం మీద నాలుగు పేర్లు రాసుకుంటాను: ఇది సగంలో ఆగితే ఎవరికెంత నష్టం? ఒకే పేరు దగ్గర అంకె ఉండి మిగతావి సున్నాలైతే, ఆ ఒక్కరు నా క్లయింటైతే, వడ్డీ ఎంత తక్కువైనా సంతకం వద్దంటాను. సరిహద్దుకు అటూ ఇటూ ఒక్కో రాత్రి ఉండకుండా నివేదిక రాయను. ఇది చాదస్తమని మా ఆఫీసులో కుర్రవాళ్లు నవ్వుకుంటారు.

రాజకీయ కారిడార్లన్నీ దండగ అని కూడా నేననను. 1965లో తెల్లవాళ్ల మైనారిటీ పాలనలో ఉన్న రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక, ఆ దేశం మీదుగా రాగి పంపడం ఇష్టం లేని జాంబియాకు టాజారా కావలసి వచ్చింది. 1970–75 మధ్య చైనా వడ్డీ లేని అప్పుతో కట్టింది. చైనా గేజ్ 1,435 అయినా, ఆఫ్రికా దక్షిణ భాగపు రైళ్లతో కలవాలని 1,067 మిల్లీమీటర్లకే వేశారు. వాణిజ్యపరంగా అది చాలా ఏళ్లు కుంటింది. అయినా అలాంటి దేశానికి రెండో దారి ఉండటమే ఒక ఆస్తి, వాడినా వాడకపోయినా. ఈ విలువను మా లెక్కల నమూనాలు సున్నాగా చూపిస్తాయి. మా కేసులో మూడో దేశం మీదుగా పాడుబడ్డ రోడ్డొకటి ఉంది. దానికి మరమ్మతు ఖర్చు ఎంతో ఎవరూ లెక్క వేయలేదు, చివరి నివేదికలో నేనూ ఒక వాక్యంతో సరిపెట్టాను.

పోటీ పెట్టిన ఏడాది గురించి మా న్యాయవాదికీ నాకూ ఇంకా తగువే. రెండో కూటమిని పిలవబట్టే వడ్డీ తగ్గింది, ఆ తగ్గింపుతో మిగిలేది సరిహద్దు అప్పు మొత్తం కన్నా ఎక్కువ, దాన్ని వైఫల్యమని ఎలా రాస్తావంటారు. లెక్క ఆయనదే సరైంది, నేనూ చూశాను. ఆ ఏడాదికి కట్టిన కమిట్‌మెంట్ ఫీజు, కాంట్రాక్టరు క్లెయిములు కలిపితే ఎంతవుతుందో ఆయన లెక్కలో లేదు. క్లెయిముల్లో ఒకటి ఇంకా మధ్యవర్తిత్వంలోనే ఉంది, కాబట్టి నా లెక్కలోనూ ఆ గడి ఖాళీయే.